త్రవ్వకయే భూగర్భమును తెలిసికొనుట

నారాయణఖేడ్ ప్రాంతపు రైతు తన రేగడి మన్నును ఎరుగును. బావి త్రవ్వించినవాడు దాని క్రింది నల్లరాతిని ఎరుగును. ఆ రాతి అడుగున ఏమున్నదో ఎవరికిని కనబడదు. అది తెలిసికొనవలసిన అవసరమేమి? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, మనకు పడమర సుమారు 125 కి.మీ. దూరములోని లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపము వచ్చి వేలమంది మరణించిరి. గట్టిరాతి పీఠభూమి కదలదని అంతవరకు పలువురు నమ్మియుండిరి.

మన నేల పుట్టుక

సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట లావా పొరలు పొరలుగా ప్రవహించి గట్టిపడి నల్లరాయి, అనగా బసాల్టు, అయినది. రేగడి దానినుండి వచ్చినదే. మన ప్రాంతము ఆ రాతికి తూర్పు అంచు. మరికొంత తూర్పునకు పోయినచో గ్రానైటు రాయి పైకి కనబడును. అట్టి పాతరాయియే నల్లరాతి అడుగునను కలదు. దాని పగుళ్లను లావా కప్పివేసినది.

గురుత్వ సర్వే

బరువైన రాయి ఎక్కువగా ఆకర్షించును. గ్రానైటు నీటికంటె సుమారు 2.7 రెట్లు, బసాల్టు 2.9 రెట్లు బరువు. భూమి పైపెంకు మన దక్కనులో సుమారు 35 మొదలు 40 కి.మీ. మందము, దాని అడుగు రాయి 3.3 రెట్లు బరువు. ఆకర్షణలోని తేడాను గ్రావిమీటరు అను యంత్రము మిల్లీగాలులలో కొలుచును. మిల్లీగాలు భూమ్యాకర్షణలో సుమారు 10 లక్షలవ వంతు. ఒక మీటరు ఎత్తు పెరిగిన 0.3 మిల్లీగాలు తగ్గును. కావుననే ప్రతి చోటను ఎత్తు జాగ్రత్తగా కొలిచి లెక్క సరిచేయుదురు.

అయస్కాంత సర్వే

బసాల్టులో మాగ్నటైటు అను ఇనుప ఖనిజము ఎక్కువ. అది భూమి అయస్కాంత బలమును చోటుచోటున మార్చును. సుమారు 580 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఆ ఖనిజము అయస్కాంత గుణమును కోల్పోవును. కావున అట్టి శిలలు ఎంత లోతువరకు ఉన్నవో తెలిసినచో, లోపలి వేడిని కూడ అంచనా వేయవచ్చును.

ఫలితమును చదువుట

కొద్ది దూరములోనే తేడా హెచ్చి తగ్గినచో కారణము పైననే ఉండును. తేడా మైళ్లకొలది మెల్లగా మారినచో కారణము లోతున ఉండవచ్చును. అయితే లోతునగల పెద్ద రాయియు, పైనగల వెడల్పైన పలుచని పొరయు ఒకే తేడాను చూపవచ్చును. కావున ఈ కొలతలను ఇతర పరీక్షలతోను, బోరు రంధ్రములతోను సరిచూడవలెను. కిల్లారిలో భూకంపము తరువాత 617 మీటర్లు బోరు వేయగా, లావా మందము 338 మీటర్లని తేలినది. 1961లో హైదరాబాదులో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి పనులు చేయుచున్నది.

గ్రామములో చేయవలసినవి

1. సర్వేవారు వచ్చినపుడు పొలములోనికి పోనిండు. వారు పంటకు నష్టము చేయకుండ దారి చూపుడు.
2. అయస్కాంత యంత్రము దగ్గరకు బండి, నాగలి, మోటారు తేరాదు. ఇనుము లెక్కను తప్పించును.
3. ఎత్తు గుర్తురాళ్లను పెరికివేయరాదు. గ్రామాధికారులు వీటిని కనిపెట్టవలెను.
4. ఈ లోతు సర్వే బావికి చోటు చూపునని ఆశించరాదు. దానికి భూగర్భజల శాఖవారిని అడుగుడు.
5. భూకంపము ఏనాడు వచ్చునో ఏ యంత్రమును చెప్పజాలదు. కిల్లారిలో ప్రాణములు తీసినవి ముఖ్యముగా మట్టితో కట్టిన రాతిగోడలు, వాటిపై బరువైన మట్టికప్పులు. అట్టి ఇండ్లు మన ఊళ్లలోను కలవు. క్రొత్త ఇల్లు కట్టువారు గోడలచుట్టు కాంక్రీటు పట్టీలు వేయించి, కప్పు బరువు తగ్గించవలెను. సర్వే ముగియువరకు దీనికై ఆగనక్కరలేదు.