పాత మైకుకు కొత్త నకలు

మీ అమ్మమ్మగారింట్లో పాత ఇత్తడి చెంబు ఉందనుకోండి. కొలతలు తీసుకుని, అదే మందాన మరొకటి చేయించవచ్చు. నీళ్లు రెండింటిలోనూ ఒకేలా నిలుస్తాయి. మరి డెబ్భై ఏళ్లనాటి మైకును చూసి అచ్చం అలాంటిదే ఇవాళ తయారుచేస్తే, పాట రెండింటిలోనూ ఒకేలా పలుకుతుందా?

ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. 1949లో బెర్లిన్‌లోని నాయ్‌మన్ కంపెనీ యు-47 అనే స్టూడియో మైకును తెచ్చింది. బీటిల్స్ బృందం పాటలు లండన్‌లో రికార్డు చేసినప్పుడు దీన్ని వాడారు. 1960ల మధ్యలో దీని తయారీ ఆగింది. మిగిలినవాటి ధర ఇప్పుడు లక్షల రూపాయలు. అందుకే కొన్ని కంపెనీలు నకళ్లు చేసి అమ్ముతున్నాయి.

ముందు ఆ మైకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. లోపల బంగారు పూత పూసిన పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని వెనుక, వెంట్రుకవాసి ఎడంలో, సన్నని రంధ్రాలున్న లోహపు పలక. రెండూ కలిసి ఒక కండెన్సర్. పాడినప్పుడు పొర కంపిస్తుంది, ఎడం మారుతుంది, దానితోపాటే కెపాసిటీ మారుతుంది. ఆవేశం మాత్రం మారదు. కాబట్టి వోల్టేజి మారాలి! ఈ చిన్న మార్పును తీగగుండా దూరం పంపడానికి వీలుగా మలిచేవి ఒక వాల్వు, ఒక ట్రాన్స్‌ఫార్మరు.

ట్రాన్స్‌ఫార్మరును విప్పి చుట్లు లెక్కపెట్టవచ్చు. పలకలోని రంధ్రాలను కొలవవచ్చు. చిక్కు వాల్వు దగ్గర వస్తుంది. టెలిఫుంకెన్ కంపెనీ చేసిన ఆ విఎఫ్-14 వాల్వుకు ఉక్కు తొడుగు ఉండేది. అందులోని తీగ 55 వోల్టులతో వేడెక్కవలసింది. మైకులో దాన్ని సుమారు 36 వోల్టులతోనే నడిపారు. 1950ల చివర ఆ వాల్వు తయారీ ఆగిపోయింది. వేరే వాల్వు పెడితే దాని చుట్టూ ఉన్న వోల్టేజిలనూ, నిరోధాలనూ మార్చుకోవాలి.

పొర సంగతి ఇంకా తమాషా. మొదట్లో వాడింది పి.వి.సి. పొర. కొన్నేళ్లకు అది బిరుసెక్కుతుంది, కొన్నిటిలో పగులుతుంది కూడా. ఒక డబ్బా మూతికి కొత్త బెలూను రబ్బరు బిగించి మీటండి. తర్వాత అటక మీద ఏళ్ల తరబడి ఎండిన బెలూనుతో అదే చేయండి. ధ్వని ఒకటేనా? 1960 ప్రాంతంలో నాయ్‌మన్‌వారే పి.వి.సి. మాని పాలిఎస్టర్ పొర పెట్టారు. అంటే అసలు మైకులే రెండు రకాలు! నకలు దేన్ని పోలాలి? 1949లో ఫ్యాక్టరీ దాటిన రోజున ఉన్నదాన్నా, ఇప్పుడు బిరుసెక్కి పలుకుతున్నదాన్నా? నన్నడిగితే, దీనికి జవాబు చెప్పకుండా “అచ్చం అలాగే ఉంది” అనేవారి మాటకు విలువ లేదు.

1960లో వచ్చిన యు-67 కథ ఇంత కష్టం కాలేదు. దాని పొర పాలిఎస్టర్. దాని ఇఎఫ్-86 వాల్వులు ఇంకా దొరుకుతున్నాయి. 2018లో నాయ్‌మన్ కంపెనీయే దాన్ని మళ్లీ తయారుచేసింది.

పోలిక పరీక్షించాలంటే ఒకే గదిలో, ఒకే గాయకుడి ముందు, రెండు మైకులనూ పక్కపక్కనే పెట్టి ఒకేసారి రికార్డు చేయాలి. వినేవారికి ఏది ఏదో చెప్పకూడదు. ఇంకొకటి, చాలామంది మరిచేది: రెండింటి బిగ్గరతనం సమానం చేయాలి. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని “బిగ్గర” అనదు, “బాగుంది” అంటుంది.

మా తొమ్మిదో తరగతిలో ఒకే పాటను రెండుసార్లు వినిపించాను, రెండోసారి కాస్త పెంచి. ఏది పాత మైకుతో తీసినదో చెప్పమన్నాను. గది నిండా చేతులు లేచాయి: రెండోదే! వెనక బెంచీ అమ్మాయి ఒక్కతె చేయి ఎత్తలేదు. “రెండూ ఒకటే గదండీ మాస్టారూ, మీరు సౌండు పెంచారంతే!” అంది.