కొండ దిగేటప్పుడే మోకాలు నొప్పి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. గవర్నర్‌పేటలో దుకాణం. వానలు తగ్గాక స్నేహితులతో అడవి దారిన కొండపల్లి ఖిల్లా ఎక్కి, పైనున్న కోనేరు చూసొచ్చాం. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు. దిగుతుంటే మోకాలి చిప్ప దగ్గర ఒకటే నొప్పి. కార్తీకంలో మళ్లీ వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చండీ, వెంటనే మాత్రం వద్దు. దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా తొడ ముందు కండరం బ్రేకు వేసినట్టు పట్టి ఉంచుతుంది. రోజంతా కౌంటర్లో కూర్చునేవారికి అది తొందరగా అలిసిపోతుంది. ఆ ఒత్తిడంతా చిప్ప కింద పడుతుంది.

రెండు మూడు రోజులు మెట్లు తగ్గించండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి. నొప్పి తగ్గాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోండి. పూటకు 10 సార్లు చాలు. మేలంతా ఆ మెల్లగా కూర్చోవడంలోనే ఉంది, గబుక్కున కూలబడకండి. నెల రోజులు ఇలా చేశాక బయల్దేరండి. వానల తర్వాత రాళ్ల మీద పాచి ఉంటుంది కనుక చెప్పులు వద్దు. పట్టున్న బూట్లు, చేతికర్ర ఉండాలి. చిన్న అడుగులేస్తూ, మోకాలు కాస్త వంచి దిగండి. మరీ అలిసిపోతే ఘాట్ రోడ్డులో బండి మీద దిగిపోండి.

మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, అడుగేస్తుంటే పట్టు తప్పినా, రెండు వారాలకీ నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. వాపుతో జ్వరం కూడా వస్తే అదే రోజు వెళ్లాలి.