శోభి మచ్చలు – పూతమందు

కర్నూలు, కడప సీమలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. తడిలో పెరిగే శిలీంధ్రానికి ఇక్కడ చోటెక్కడిదన్న సందేహం సహజమే. నేల ఎండినా మనిషి దేహం ఎండదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల బండల గనులలో పనిచేసేవారి వీపులు పగలంతా చెమటతో తడిసి, సాయంకాలానికి ఉప్పుచారలు కడతాయి. నీటికి కరవైన వేసవిలో స్నానం వాయిదా పడుతుంది. విడిచిన చొక్కానే మరునాడూ తొడగవలసి వస్తుంది. శిలీంధ్రానికి ఆ తడి చాలు.

మెడ, వీపు, రొమ్ము, భుజాల మీద లేతగానో ముదురుగానో కనిపించి, గీరితే సన్నని పొట్టు రాలే మచ్చలను జనం శోభి అంటారు. సిబ్బెమన్న పేరూ ఉన్నది. చరకసంహిత చర్మరోగాలలో పేర్కొన్న సిధ్మాన్ని పలువురు దీనితో పోలుస్తారు. దీనికి కారణం మలసీజియా అనే ఈస్ట్. ఇది మనుషుల చర్మం మీద సాధారణంగానే ఉంటూ, అక్కడి జిడ్డును తిని బ్రతికే సూక్ష్మజీవి. ఉక్క, చెమట పెరిగినపుడు విజృంభిస్తుంది. కాబట్టి శోభి అంటువ్యాధి కాదు, బొల్లి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. ఈ భ్రమతో ఒక పిల్లను పెండ్లికి కాదనడం, ఒక కూలిని దూరంగా కూర్చోబెట్టడం అన్యాయం. స్పర్శ తెలియని మచ్చను మాత్రం వెంటనే వైద్యునికి చూపాలి.

కాండిడా అనే మరొక ఈస్ట్ చంకలు, గజ్జలు, వేళ్ల సందులు ఒరిసి ఎర్రబడిన చోట పెరుగుతుంది. అది మాటిమాటికీ వస్తుంటే మధుమేహ పరీక్ష అవసరం.

1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాండ్రు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి నిస్టాటిన్ అనే శిలీంధ్రనాశకాన్ని వెలికితీశారు. నేడు ఎక్కువగా వాడుతున్నవి తరువాత వచ్చిన క్లోట్రిమజోల్, కీటోకొనజోల్ క్రీములు. శిలీంధ్ర కణపు పొరకు ఎర్గోస్టెరాల్ ఆధారం. మన కణాలలో ఆ స్థానం కొలెస్టరాల్‌ది. ఈ మందులు ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకొని శిలీంధ్రాన్ని దెబ్బతీస్తాయి.

మందును కడిగి ఆరిన చర్మం మీద, మచ్చ అంచు దాటేలా పలుచగా పూయాలి. 1 శాతం క్లోట్రిమజోల్‌ను సాధారణంగా రోజుకు 2 సార్లు, 2 నుంచి 4 వారాలు వాడుతారు. నాలుగు రోజులకే దురద తగ్గిందని ట్యూబును గూట్లో పడవేసేవారే ఎక్కువ. మిగిలిన ఈస్ట్ మళ్లీ పెరుగుతుంది.

అంతకంటె పెద్ద ప్రమాదం మందుల దుకాణంలో పేరు చెప్పకుండా అడిగి తెచ్చుకొనే 'దురద క్రీము'. వాటిలో చాలావాటిలో బీటామెథజోన్, క్లోబెటజాల్ వంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ ఎరుపును, దురదను రెండు రోజులలో అణచివేస్తుంది. రోగి సంతోషిస్తాడు, లోపల శిలీంధ్రం నిరాటంకంగా విస్తరిస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడి, గజ్జలలో, తొడలపై మానని చారలు పడతాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీపైనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పొట్టును సూక్ష్మదర్శినిలో చూస్తే ఈస్ట్ బయటపడుతుంది. కర్నూలు, కడప ప్రభుత్వ బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి.

ఈస్ట్ నశించినా తెల్లమచ్చ వెంటనే పోదు. చర్మానికి తన రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. పొట్టు రాలడం ఆగిపోయి, మచ్చ మాత్రమే మిగిలితే మందు పనిచేసినట్లే.