నీడ కంచెకు ఏ తీగ?

కూచిపూడిలో మీ ఇంటి కంచె మామిడిచెట్టు నీడలో ఉందనుకోండి. దానిమీదికి ఏ తీగ పాకిస్తారు? శంఖుపువ్వా, దొండా, తమలపాకా?

శంఖుపువ్వు కాండమే ఆధారాన్ని చుట్టుకుంటుంది. దొండ నులితీగలతో పట్టుకుంటుంది. రెండింటికీ మంచి ఎండ కావాలి. ఎండ చాలకపోతే ఆకుల్లో పిండిపదార్థం తగినంత తయారుకాదు. అప్పుడు తీగ సన్నగా సాగుతుందే గాని పూత, కాత తగ్గిపోతాయి.

తమలపాకు సంగతి వేరు. మిరియాల తీగలాగే ఇదీ పైపర్ ప్రజాతికి చెందినది. చెట్ల సందుల్లోంచి జారే వెలుగు దీనికి చాలు. అందుకే మన రైతులు ఆకుతోటల్లో ముందు అవిసె పెంచి, దాని నీడలో, దానిమీదికే తీగను పాకిస్తారు. పైగా మనకు కావలసింది ఆకే, పువ్వు కాదు.

తమలపాకు కణుపుల వద్ద పుట్టే వేళ్లు గరుకైన బెరడును పట్టుకుంటాయి. నున్నని ఇనుపకంచెను పట్టలేవు; నారతో వదులుగా కట్టండి. డెల్టా బంకనేలలో నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి. కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటండి.

నాటేముందు ఒక పని చేయండి. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటగంటకూ కంచెపై ఎండ ఉందో, నీడ ఉందో రాసుకోండి. ఏ తీగ నాటాలో ఆ పట్టికే మీకు చెబుతుంది.