యౌవనారోగ్యము – తల్లిదండ్రుల కర్తవ్యము

మన గంజాం జిల్లా 2022 జనవరిలో బాల్యవివాహ రహిత జిల్లాగా ప్రకటింపబడినది. ఇది హర్షింపదగిన విషయమే. అయినను వివాహవయస్సు వచ్చినంత మాత్రమున శరీరజ్ఞానము దానంతట అది రాదు. దానిని పెద్దలే బోధింపవలెను.

కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమముగా 1952లోనే చేపట్టిన దేశము మనది. నాటినుండి సాధనములు మిక్కిలి మెరుగైనవి. మూడు నెలల కొకమారు వేయు 'అంతర' సూదిమందును, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన, హార్మోనులు లేని 'ఛాయా' మాత్రయు 2017లో ప్రభుత్వ కార్యక్రమమున చేరినవి. వీనిని వైద్యుల సలహాపై వాడవలెను. అయితే ఇవి గర్భమును నివారించునే గాని సుఖవ్యాధులను, హెచ్.ఐ.వి.ని ఆపజాలవు. సాధనములలో రెంటినుండియు రక్షణ నొసగునది నిరోధ్ తొడుగు మాత్రమే. పనికై సూరత్ మొదలగు దూరపట్టణములకు పోవు మన యువకులకు ఈ భేదము తెలియుట అత్యవసరము.

2014లో ఆరంభమైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము క్రింద 10 మొదలు 19 ఏండ్లవారికి సలహా నొసగుటకై ఒడిశాలో 'శ్రద్ధా' క్లినిక్కులు ఏర్పడినవి. పిల్లలకు వాని జాడ తెలుపుడు. కాని ఒడియాలో అడుగ సంకోచించు సందేహమును మన బిడ్డ మాతృభాషలో ఇంటనే అడుగవలెను గదా! సిగ్గుచే మనము మౌనము వహించినచో, ఆ ప్రశ్నకు తెలిసీ తెలియనివారు సమాధానమిత్తురు.