మందల చరిత్రకు ఊరిలో ఒక గది

సూళ్లూరుపేటకు చేరువనున్న నేలపట్టు పక్షులను చూచుటకు ఏటేట దూరప్రాంతముల జనులు వచ్చుచుందురు. 1976లో ఏర్పడిన ఆ సంరక్షణ కేంద్రమున పక్షులను గూర్చి తెలుపు ప్రదర్శనశాల కూడ కలదు. ఆ మర్యాద నెల్లూరు సీమ పేరు మోయుచున్న గొర్రెకును, దానిని కాచినవారికిని దక్కుట న్యాయమని మా అభిప్రాయము. ఇందుకు పెద్ద భవనము పనిలేదు. పంచాయతీ కార్యాలయము నానుకొని ఒక గది యున్న చాలును.

నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెలలో మిక్కిలి ఎత్తైనది. ఇందు మూడు తెగలు కలవు. తెల్లని ఒడలితో, ఒక్కొక్కప్పుడు లేత గోధుమవన్నె మచ్చలతో నుండునది పల్ల; తెల్లని ఒంటికి కన్నులచుట్టును, మూతివద్దను నల్లమచ్చలున్నది జోడిపి; ఒడలంతయు గోధుమవన్నె యైనది దొర.

ఆస్ట్రేలియాలోని జిలాంగ్ పట్టణమున 1988లో పాత గిడ్డంగి యొకదానిలో జాతీయ ఉన్ని ప్రదర్శనశాలను తెరచిరి. ఉన్ని పండించు దేశములలో చూపుటకు కత్తెరలును, యంత్రములును దండిగా నుండును. మన గొర్రెకు ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకయే. కాపరి కప్పుకొను గొంగళి సైతము మెట్టసీమల దక్కను గొర్రెదే. కావున మనకు దొరకు వస్తువులు స్వల్పము: కొమ్మలు దింపు దోటి, పిల్లలను మూయు గంప, మందచుట్టు నిలుపు తడికలు. అసలు సంపద వృద్ధుల నోట నున్నది. వారితోడనే అదియు పోవును.

కనుక ముందు వారిని అడుగుడు. ఏ చెవికోత ఎవరి మందకు గుర్తు? పొలమున మంద నిలిపినందుకు రైతు ఎంత ధాన్యము కొలిచెడివాడు? ఈశాన్య ఋతుపవనపు వానలకు పల్లము మునిగినపుడు మందను ఏ మిట్టకు తోలెడివారు? ఈ కడపటి ప్రశ్న కేవలము ముచ్చట కాదు. వానకాలపు చిన్న ఈగలవలన నీలినాలుక వ్యాధి వ్యాపించును. మిట్ట నేలల జాడ నేటి కాపరికిని అక్కరకు వచ్చును. మేత పోరంబోకును మరియొక పనికి కోరుచు అర్జీ వచ్చినపుడు, ఆ నేలతో ఎవరికి పని యుండెనో ఎరుగకయే సభ్యులు చేయెత్తుట మంచిది కాదు.

మేతనేల తగవు ఈ సీమకు క్రొత్త గాదు. కాటమరాజు కథలో నెల్లూరు ప్రభువు నల్లసిద్ధితో వచ్చిన యుద్ధమునకు పుల్లరియే కారణము. ఆ కథలోనివి ఆవులమందలు. అయినను గొల్లలు దానిని తమ చరిత్రగా పాడుకొనిరి. మీ ఊరిలో పాడువారున్నచో సెల్‌ఫోనులో నైనను ఆ గొంతును పట్టియుంచుడు.

ప్రతి వస్తువునకు సంఖ్య వేసి, ఇచ్చినవారి పేరు, దాని స్థానిక నామము, వాడిన తీరు చిట్టాలో వ్రాయవలెను. ఇచ్చినది దానమో, ఎరువో స్పష్టముగా నుండవలెను. చెదలు పట్టకుండ కర్ర సామానును నేలకు ఎత్తుగా నుంచవలెను. ఈనిన గొర్రెను, తల్లిలేని పిల్లను సాకు పద్ధతులు స్త్రీలను అడిగినగాని పూర్తిగా తెలియవు. గ్రామసభ తీర్మానములోనే తాళపుచెవి ఎవరివద్ద నుండవలెనో పేరు వ్రాయుడు. ఆర్భాటముగా తెరచి, పిమ్మట తాళము తీయువారు లేని గదులను మేము పెక్కు చోట్ల చూచియున్నాము.