పాత ఫైబరు పడవను కొనువారు పరీక్షింపవలసిన రీతి

సముద్రపుటొడ్డు గ్రామములలోని మన సభ్యులలో సేద్యముతోబాటు చేపలవేటలో వాటాగల కుటుంబములు కలవు. వారిలో కొందఱు అప్పుచేసి పాత ఫైబరు పడవను కొనుచుందురు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడిపించి, కాడికి కట్టి చూచిన తరువాతగాని రూకలియ్యని రైతు, పడవయొద్దకు వచ్చునప్పటికి రంగుచూచి మోసపోవుట మేమెఱుగుదుము. కావున ఈ మాసము దీనినే పాఠముగా తీసికొనుచున్నాము.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. ఫైబరు కుళ్లదు గనుక పడవయు కుళ్లదని పలువురందురు. ఇందు మొదటిమాట నిజమే. గాజునారను రెజిన్‌తో పొరలుపొరలుగా అతికి చేసిన ఆ పెంకు పుచ్చదు, చెదపట్టదు. కాని ఆ పెంకు పలుచనిది. దానికి బలమిచ్చుటకై ఇంజను బిగించు వెనుకపలకలోను, అడ్డదూలములలోను, అడుగుపట్టెలలోను ప్లైవుడ్డునో కఱ్ఱనో పెట్టి, పైన ఫైబరు కప్పుదురు. పడవ మునుగకుండుటకై మూసిన అరలలో ఫోము నింపుదురు. కుళ్లునది ఆ కఱ్ఱ, నీరు త్రాగునది ఆ ఫోము. రెండును కంటికి కనబడవు.

పూర్వపు కఱ్ఱతెప్పకు ఈ చిక్కులేదు. వేటనుండి రాగానే జాలరులు త్రాళ్లు విప్పి, దుంగలను వేఱుచేసి, ఇసుకపై ఆరబెట్టెడివారు. నీరు దాగుటకు చోటే యుండెడిది కాదు. ఫైబరు పడవను అట్లు విప్పుటకు వీలులేదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో పనిచేయువారి నడిగినచో చెప్పుదురు, ఇనుము చెడినచో పైననే తుప్పు రాలునని. ఫైబరు పడవ చెడియు పైకి నిగనిగలాడుచునే యుండును.

నీరు లోనికి పోవుట తఱచుగా మనము తొలిచిన రంధ్రములనుండియే. ఇంజను బోల్టులకును కొక్కెములకును తొలిచినచోట కఱ్ఱ బయటపడి, దీపపువత్తి నూనెను పీల్చినట్లు నీటిని పీల్చును. ఇందొక విశేషము కలదు. కఱ్ఱకు ఉప్పునీటికంటె వాననీరే ఎక్కువ చేటు. ఉప్పు కుళ్లుబూజును కొంత అణచియుంచును. వాననీటిలో అట్టి అడ్డులేదు. కఱ్ఱలో తేమ నూటికి 20 పాళ్లు దాటినపిమ్మట కుళ్లుటకు అవకాశమేర్పడును. కావున వానకాలమంతయు మూతలేక ఒడ్డున పడియున్న పడవను, నిత్యము వేటకు పోవు పడవకంటె ఎక్కువగా అనుమానింపవలెను.

తూర్పుతీరమున వేటనిషేధముండు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు గల 61 దినములు పరీక్షకు మంచి అదను. భీమునిపట్టణము మొదలు పూడిమడక వఱకు పడవలు ఒడ్డుననే యుండును. రంగు వేయకమునుపే చూపుమని అమ్మువానిని కోరుడు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఈ తీరమున అనేకములైన పడవలను పగులగొట్టెను. పడవ అంతకు పూర్వపుదైనచో, అప్పుడు దెబ్బతినెనా, ఎక్కడ అతుకుపడెనా అని అడుగుడు.

తరువాత దానిని ఒడ్డుకు లాగువారిని విచారింపుడు. మునుపటికంటె ఎక్కువమంది కావలసివచ్చుచున్నదని వారు చెప్పినచో, లోపల నీరు చేరినదని తలపవచ్చును. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. ఫోము 100 లీటర్లు త్రాగినచో, ఒక క్వింటాలు ధాన్యపు బరువును ఊరక మోయుచు ప్రతిదినము అదనముగా డీజిలు కాల్చవలసివచ్చును.

పిదప సుత్తిపిడితో మెల్లగా తట్టిచూడవలెను. బాగుగనున్నచోట గట్టిమ్రోత వచ్చును, కుళ్లినచోట పగిలిన కుండవలె బొద్దుగా పలుకును. కాని ఫోమున్నచోటను సహజముగానే బొద్దుమ్రోత వచ్చును గనుక, ఎడమ ప్రక్కను తట్టినచోటికి సరిగా ఎదురుగా కుడిప్రక్కను తట్టి పోల్చుకొనవలెను. అనుమానమున్నచో ఆ చోటను తుడిచి ఆరబెట్టి, పలుచని ప్లాస్టికు కాగితమును నాలుగంచుల అంటించి, ఒక దినము ఎండలో నుంచుడు. కాగితపు లోపలివైపున చెమటబిందువులు పట్టినచో తేమ కలదనుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వెనుకపలక. ఇంజనును పట్టి పైకి క్రిందికి ఊపుచు, పలక కదలుచున్నదేమో చూడవలెను. అమ్మువాని అనుమతితో అన్నిటికంటె క్రిందిబోల్టు నొకదానిని ఊడదీసి, ఆ రంధ్రములో ఇనుపతీగను గ్రుచ్చుడు. మేమొకచోట నిట్లు చేయగా టీనీటివంటి నీరు కారెను, తీగవెంట తడిసిన తేయాకువంటి కఱ్ఱపొట్టు వచ్చెను. ఆ పడవకు బయానా అంతకుముందే ముట్టియుండెను! అట్టి పలక విఱిగినచో ఇంజను సముద్రముపాలగును, మనుష్యులు నడిసముద్రమున చిక్కుకొందురు, అప్పుమాత్రము సంఘపు పుస్తకములో నిలిచియుండును.

అడుగున పొక్కులను చూచి మాత్రము బెదరి పోనక్కరలేదు. వానిలో పుల్లని వాసనగల నీరుండును, గ్రుచ్చునపుడు కంటికి చిమ్మకుండ మొగము ప్రక్కకు త్రిప్పుకొనవలెను. అవి పై పొరల జబ్బు, నిదానముగా బాగుచేసికొనవచ్చును. వెనుకపలక కుళ్లు అట్టిది కాదు.

కుళ్లు కనబడినచో బేరము మానుకొనుటయో, క్రొత్తపలక వేయించుటకగు ఖర్చును పనివానిచే అంచనా కట్టించి వెలలో తగ్గించుకొనుటయో చేయవలెను. పైపగులుకు రెజిన్ పూసి మూసెదననువాని మాట వినవద్దు. లోపలి నీరు లోపలనే బంధింపబడి కుళ్లు మఱింత పెరుగును. పెంకును లోపలివైపునుండి కోసి, చెడిన కఱ్ఱనంతయు తీసి, చుట్టునున్నదానిని బాగుగా ఆరనిచ్చి, నీటికి తట్టుకొను ప్లైవుడ్డు వేసి ఫైబరు కప్పవలెను. ఆరుటకు వారములు పట్టును గనుక నిషేధము మొదటనే పని ప్రారంభింపవలెను. క్రొత్త బోల్టులకు వలసినదానికంటె పెద్దరంధ్రములు తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడినతరువాత నడుమ మరల తొలిచి బోల్టులు బిగింపవలెను.